హ్యారీ పాటర్‌ని మంచి సాహిత్యం అనొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి హ్యారీ పాటర్ మొత్తం చదివేసి మళ్లీ మొదలుపెట్టింది. అమెరికన్ సాహిత్య విమర్శకుడు హెరాల్డ్ బ్లూమ్ మాత్రం 2000లో, అన్నీ అరిగిపోయిన మాటలేనని తీసిపారేశారు. మీరైతే ఏం చూస్తారు?

జవాబు: వాక్యం వరకూ బ్లూమ్ మాట చాలాచోట్ల నిజమే. కానీ 1999లో వచ్చిన మూడో పుస్తకంలో డిమెంటర్లను, అంటే మాంత్రికుల జైలుకి కాపలా కాసే భూతాలను చూడండి. అవి దగ్గరికొస్తే ఒళ్లు చల్లబడుతుంది, సంతోషమంతా ఆవిరైపోతుంది, హ్యారీకి చనిపోతున్న తల్లి కేక వినిపిస్తుంది. కుంగుబాటుని పిల్లలకి ఇంత సూటిగా చెప్పడం మామూలు విషయం కాదు. కథ అల్లిక కూడా గట్టిదే. హ్యారీ స్నేహితుడు రాన్ పెంచుకునే ఎలుక మొదటి పుస్తకం నుంచీ కళ్లముందే తిరుగుతుంది, అది ఎలుక రూపంలో దాక్కున్న మనిషని మనకి అనుమానమే రాదు!

ఇంకొకరు: వచనం కోసమైతే అమెరికన్ రచయిత్రి అర్సులా లెగ్విన్ రాసిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968) పైకి చదవండి. తనని వెంటాడే నీడని కథానాయకుడైన కుర్ర మాంత్రికుడు గెడ్ చివరికి తన పేరుతోనే పిలుస్తాడు. అక్కడ ఒక్క మాట ఎక్కువుండదు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. ఎర్త్‌సీ ఇద్దరం కలిసి చదువుతాం.