గజ్జల్లో తగ్గని దురద: ముందు క్రీమా, ముందు టెస్టా?

బెజవాడ_బండోడు:
రెండు నెలలు దాటింది, గజ్జల్లో దురద తగ్గట్లేదు. డెలివరీ పని, పొద్దున్నుంచి రాత్రి దాకా జీన్స్‌లో బండి సీటు మీదే. తొడ లోపలి వైపు గుండ్రంగా ఎర్రటి మచ్చ, అంచు కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ రాస్తే మూడో రోజుకే హాయి. ఆపితే వారంలో మళ్ళీ మొదలు, ఈసారి ఇంకాస్త వెడల్పుగా. రూమ్మేటేమో "సుఖవ్యాధేమో, ఆన్‌లైన్‌లో ఎస్టీడీ ప్యాకేజీ బుక్ చెయ్" అని టెన్షన్ పెడుతున్నాడు. నాకు ఇంతవరకూ ఎవరితోనూ సంబంధం లేదు. ఇంకో ట్యూబ్ కొనాలా, టెస్టులకి డబ్బు పెట్టాలా?

మందుల_మావయ్య:
తమ్ముడూ, షాపు నడిపేవాడిగా చెబుతున్నా. మన ఎండలకి, బండి మీద తిరిగేవాళ్ళకి ఇది చాలావరకు తామరే, అంటే ఫంగస్. ఉత్త క్లోట్రిమజోల్, అదే ఫంగస్ మందు ఒక్కటే ఉన్న క్రీమ్, రోజుకు రెండుసార్లు రాయి. మచ్చ మానినట్టు కనిపించినా ఇంకో రెండు వారాలు ఆపకు. తడి లోదుస్తులు వేసుకోకు, టవల్ ఎవరికీ ఇవ్వకు. చర్మం డాక్టర్ దగ్గరికెళితే ఒక రోజు కూలి పోతుంది, ఫీజు వేరే. దురద అనగానే అందర్నీ ల్యాబ్‌కి తోలడం కూడా ఒక వ్యాపారమే.

చర్మం_పీజీ:
మావయ్య గారూ, మీరు చెప్పేది ఉత్త క్లోట్రిమజోల్ గురించి. ఈ తమ్ముడి చేతిలో ఉన్నది అది కాదని నా అనుమానం. మూడో రోజుకే హాయి అన్నాడంటే అందులో స్టెరాయిడ్ ఉండే ఉంటుంది. బ్రో, ట్యూబ్ మీద చిన్న అక్షరాలు చదువు. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ లాంటి పేరుంటే ఇక రాయకు.

స్టెరాయిడ్ దురదనీ ఎరుపునీ అణుస్తుంది, ఫంగస్‌ని కాదు. పైగా ఫంగస్‌తో పోరాడే ఒంటి రక్షణని కూడా అక్కడ అణిచేస్తుంది. అందుకే పైకి తగ్గినట్టు ఉంటూనే లోపల్లోపల పాకుతుంది. కొన్నాళ్ళకి ఆ గుండ్రటి అంచు చెరిగిపోయి, చూసి ఏ జబ్బో పోల్చుకోలేని స్థితికి వస్తుంది. గజ్జల్లో చర్మం అసలే పలచన, మందు ఎక్కువ ఇంకుతుంది. నెలల తరబడి రాసినవాళ్ళకి తొడల మీద కాన్పు తర్వాత పొట్ట మీద పడేలాంటి చారలు పడతాయి. తామర తగ్గినా ఆ చారలు పూర్తిగా పోవు. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి వీటిని మా ఓపీలో రోజూ చూస్తుంటాం. 2018లోనే కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, చీటీ లేకుండా అమ్మకూడదు.

మందుల_మావయ్య:
షెడ్యూల్ హెచ్ సంగతి నాకూ తెలుసు డాక్టర్ గారూ. కానీ స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు అన్నీ కలిపిన ఆ ట్యూబునే చీటీ మీద రాసే డాక్టర్లు ఉన్నారు. ముందు వాళ్ళని ఆపండి, తర్వాత మా కౌంటర్ దగ్గరికి రండి.

చర్మం_పీజీ:
రాస్తున్నారు, కాదనను. అది వాళ్ళ తప్పు. దానికి ఈ తమ్ముడి తొడ ఎందుకు బలి కావాలి?

డల్లాస్_రావు:
మావాళ్ళు ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఆవకాయతో పాటు ఈ ట్యూబులు కూడా తెస్తారు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరికి మొండి తామర వచ్చిందని, టెర్బినఫిన్ అనే ఫంగస్ బిళ్ళలకి లొంగలేదని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ రాసింది. దక్షిణాసియాలో బాగా వ్యాపించిన రకం, పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే. కాబట్టి షాపులో ఇచ్చింది రాసి చూద్దాం అనే రోజులు పోయాయి, టెస్టే నయం.

కరీంనగర్_కోడలు:
మీరంతా తొడలూ తామర దగ్గరే ఆగిపోయారు. ఆడవాళ్ళ సంగతి వేరు. పెరుగు తరకల్లా తెల్లబట్ట, దురద, మంట ఉంటే ఎక్కువగా క్యాండిడా అనే ఫంగస్. పచ్చగా, నురగగా, వాసనతో అయితే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. అది సంభోగం వల్ల వచ్చేది, కాబట్టి భర్తకి ఏ లక్షణమూ లేకపోయినా ఇద్దరికీ మందు వేయాలి. మా వదినకి ఒక్కదానికే మందిచ్చి పంపారు, తగ్గింది, మళ్ళీ వచ్చింది. అన్నయ్యని తీసుకురమ్మంటే "నాకేం లేదుగా" అన్నాడు. ఇక ఆ వాసన పోవాలని డెట్టాల్ నీళ్ళతో కడుక్కునేవాళ్ళు కొందరు. దాంతో వచ్చే మంట అదనం! మనకి గైనిక్ డాక్టర్ చూడటం, స్రావం టెస్ట్ చేయించడం తప్పదు. క్రీమ్ ముందా అన్న ప్రశ్నే లేదు.

షుగర్_తాత:
నాకు అరవై దాటాయి. షుగర్ డాక్టర్ డాపాగ్లిఫ్లోజిన్ అనే బిళ్ళ మొదలుపెట్టాక మర్మాంగం ముందు చర్మం ఎర్రబడి పగుళ్ళు, దురద. ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. చివరికి డాక్టరే చెప్పారు, ఆ బిళ్ళ చక్కెరని మూత్రంలోకి పంపుతుంది, అక్కడ ఫంగస్‌కి మేత దొరుకుతుంది అని. బిళ్ళ మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టర్‌కి చెప్పండి. షుగర్ లేదనుకునేవాళ్ళు కూడా ఇలా పదేపదే వస్తుంటే ఒకసారి హెచ్‌బీఏ1సీ అనే షుగర్ టెస్ట్ చేయించుకోండి.

చర్మం_పీజీ:
తాత గారి మాట చాలా ముఖ్యం. రూమ్మేట్ చెప్పిన ప్యాకేజీ కంటే షుగర్ టెస్టే ఎక్కువ పనికొస్తుంది. దురద ఒక్కటే ఉండి పుండు, స్రావం, మూత్రంలో మంట లేకపోతే, కొత్త సంబంధం కూడా లేకపోతే, ఎస్టీడీ ప్యాకేజీ దాదాపు దండగ. తామర, గజ్జి ఆ ప్యాకేజీలో తేలవు. గజ్జికి రాత్రిళ్ళు దురద ఎక్కువ, వేళ్ళ సందుల్లో, మర్మాంగం మీద చిన్న గుల్లలు, ఇంట్లో ఇంకొకరికీ ఉంటుంది. దానికి ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి పెర్మెత్రిన్ అనే గజ్జి మందు రాసుకోవాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

ఇంకొకటి. రుతుక్రమం ఆగిన ఆడవాళ్ళకి యోని చుట్టూ చర్మం తెల్లబడి, పలచబడి విపరీతమైన దురద వస్తే అది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు. విచిత్రమేమంటే దానికి మేం రాసేది ఆ క్లోబెటసాలే, లెక్క ప్రకారం, పర్యవేక్షణలో. మానని పుండు ఉంటే మాత్రం బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్ష, చేయాలి.

సురక్ష_అక్క:
ప్యాకేజీ దండగ అని తేల్చేయకండి సార్. ఇక్కడ సంబంధం లేదని రాసినవాళ్ళు కౌన్సెలింగ్‌లో వేరే చెబుతారు, నాకిది రోజూ ఉండేదే. అనుమానం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రి సురక్ష క్లినిక్‌లో ఉచితంగా చూస్తారు, మందులూ ఇస్తారు. ముందు ఫోన్‌లో అడగాలంటే 1097. హెచ్ఐవీ, సిఫిలిస్ టెస్టులు సంబంధం జరిగిన మర్నాడే చేయిస్తే ఏమీ తేలదు, ఎప్పుడు చేయించాలో కూడా అక్కడే చెబుతారు.

బెజవాడ_బండోడు:
ట్యూబ్ చూశాను, క్లోబెటసాల్ ఉంది. సురక్ష అక్కా, నేను నిజమే రాశాను. మరి తామరకి టెస్ట్ అంటే రక్తమా?

చర్మం_పీజీ:
రక్తం కాదు. మచ్చ అంచు నుంచి బ్లేడుతో కాస్త పొట్టు గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. నొప్పి ఉండదు, చాలాసార్లు ఓపీలోనే అయిపోతుంది. వెళ్ళే ముందు కనీసం ఒక వారం ఏ క్రీమూ రాయకు, లేకపోతే ఫంగస్ ఉన్నా కనిపించకపోవచ్చు. ఆపగానే దురద ఎగదన్నుతుంది, భయపడి మళ్ళీ ట్యూబ్ పట్టుకోకు. నిద్ర పట్టకపోతే దురద తగ్గించే సెట్రిజిన్ బిళ్ళ వేసుకోవచ్చు, కాకపోతే మత్తుగా ఉంటుంది, రాత్రి బండి దిగాకే.

మందుల_మావయ్య:
సరే, నా మాట కూడా రాసుకోండి: కొత్తగా వచ్చిన చిన్న మచ్చకి ఉత్త క్లోట్రిమజోల్ రెండు వారాలు ఇస్తూనే ఉంటా. తగ్గకపోతే నేనే డాక్టర్ దగ్గరికి పంపుతా. తమ్ముడూ, వెళ్ళేటప్పుడు ఆ ట్యూబ్ కూడా జేబులో వేసుకెళ్ళు. "ఏదో తెల్ల క్రీమ్" అని చెబితే ఏ డాక్టరూ ఏమీ చేయలేడు.