ఊరి పాత గ్రంథాలయ భవనాన్ని సంఘం పేరిట తీసుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు వైపు ఒక పల్లె. గ్రంథాలయోద్యమం రోజుల్లో మా పెద్దలు చందాలు వేసుకుని ఒక గ్రంథాలయం కట్టారు. 1960 గ్రంథాలయాల చట్టం వచ్చాక దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పగించారు. ఇప్పుడు ఆ శాఖా గ్రంథాలయం కొత్త గదుల్లోకి మారింది, పాతదానికి తాళం పడింది. సున్నపు గోడలు, టేకు దూలాలు గట్టిగానే ఉన్నాయి. పెంకులు జారి వాన లోపలికి కారుతోంది. కూల్చి షాపులు కడతారని ఊళ్లో అనుకుంటున్నారు. అదే మా బాధ.

కొందరం కలిసి దాన్ని తీసుకుని, బాగుచేసి, పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు తెరవాలనుకుంటున్నాం. 2001 సొసైటీల చట్టం కింద సంఘం రిజిస్టర్ చేయాలా, ట్రస్టు పెట్టాలా? దీర్ఘకాలపు లీజు చాలని కొందరంటున్నారు. లీజైతే మరమ్మతులకు దాతలు ముందుకు రారని నా భయం.

స్థలం రెవెన్యూ రికార్డుల్లో గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) అని ఉంది. పాత దానపత్రం ఒకటి దొరికింది, అందులో "గ్రంథాలయం నిమిత్తం మాత్రమే" అని రాసుంది. ఆ షరతు ఇప్పుడు చెల్లుతుందా? పంచాయతీ తీర్మానం ముందు చేయించాలా, కలెక్టర్ గారికి అర్జీ ముందు పెట్టాలా?

స్కాట్లాండ్‌లో 2015 చట్టం ప్రకారం ప్రభుత్వ భవనాన్ని తమకిమ్మని స్థానిక సంఘాలే అడగొచ్చు, సరైన కారణం లేకుండా కాదనకూడదు. మన దగ్గర అలాంటి దారి ఏదైనా ఉందా? 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం స్థానికుల పూనికతోనే నిలబడింది కదా.

ఇలాంటి పని చేసినవాళ్లు ముందు ఏ కాగితం కదిలించారో దయచేసి చెప్పండి. ఒప్పంద పత్రం నమూనా ఉంటే ఇంకా మేలు.