జయపురంలో కాఫీ దుకాణం: ఫెయిర్‌ట్రేడ్ ముద్ర వల్ల రైతుకు, మాకు ఒరిగేదెంత?

జయపురం వర్తకుడు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మాది ఒడిశా కోరాపుట్ జిల్లా జయపురంలో పాత కిరాణా దుకాణం. కొన్నేళ్లుగా పొట్టంగి, నందపురం కొండల్లోని రైతుల నుంచి అరబికా రకం కాఫీ గింజలు కొని, నేనే వేయించి, పొడి పట్టించి అమ్ముతున్నాను. ఏడాదికి నేను కొనేది రెండు టన్నులకు మించదు. ఈమధ్య విశాఖపట్నంలోని ఒక హోటల్ వారు పొట్లం మీద ఫెయిర్‌ట్రేడ్ ముద్ర (చిన్న రైతుకు న్యాయమైన ధర ఇచ్చి కొన్న సరుకని తెలిపే అంతర్జాతీయ గుర్తు) ఉంటే ధర పెంచి కొంటామని చెప్పారు. ముద్ర సంపాదించడానికి ముందు రెండు సంగతులు తెలుసుకోవాలని ఉంది. పండ్లు కోసి తెచ్చే రైతు చేతికి దాని వల్ల అదనంగా చేరేది ఏమిటి? నాలాంటి చిన్న వ్యాపారికి ఆ ఖర్చు గిట్టుబాటు అవుతుందా?

సెమిలిగుడ లెక్కలవాడు

అయ్యా, నేను ఆంధ్ర సరిహద్దుకు అటువైపు ఒక రైతు సహకార సంఘంలో కొంతకాలం లెక్కలు రాశాను కనుక తెలిసినంత చెబుతాను. కాఫీలో ఈ ముద్ర విడి రైతుకు గాని, పెద్ద ఎస్టేటుకు గాని రాదు. చిన్న రైతులు కలిసి పెట్టుకున్న సంఘానికే వస్తుంది. తడి పద్ధతిలో శుభ్రం చేసిన అరబికా గింజకు 2023 ఆగస్టులో పెట్టిన ఫెయిర్‌ట్రేడ్ కనీస ధర పౌనుకు 1.80 డాలర్లు, అంటే కిలోకు దాదాపు 4 డాలర్లు. మార్కెట్ ధర అంతకన్నా ఎక్కువగా ఉంటే ఆ ఎక్కువ ధరే ఇవ్వాలి. దీనిపైన పౌనుకు 20 సెంట్లు ప్రీమియం, అంటే సంఘానికి విడిగా ఇచ్చే అదనపు సొమ్ము, వస్తుంది. పది టన్నులు అమ్మిన సంఘానికి ఆ లెక్కన సుమారు 4,400 డాలర్లు అందుతాయి. దానిని ఎలా వాడాలో సభ్యులే సమావేశంలో తీర్మానించుకుంటారు, అయితే అందులో కనీసం నాలుగో వంతు దిగుబడికి, నాణ్యతకు పెట్టాలి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. కనీస ధర సంఘం ఎగుమతి చేసే గింజకే గాని, రైతు బుట్టలోని పండుకు కాదు. కిలో గింజకు దాదాపు ఆరు కిలోల పండ్లు కావాలి. పల్పింగ్ (పండు తొక్క తీయడం), ఎండబెట్టడం, రవాణా, సంఘం ఖర్చులు పోగా మిగిలినదే రైతుకు దక్కుతుంది. కాబట్టి సంఘం లెక్కలు బాగుంటేనే ముద్ర వల్ల రైతుకు మేలు.

ఈ కనీస ధర విలువ మంచి రోజుల్లో కనబడదు. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందంలోని కోటాలు (ఏ దేశం ఎంత ఎగుమతి చేయాలన్న పరిమితులు) కూలిపోయాక ధరలు పడిపోయాయి. 2001లో న్యూయార్క్ మార్కెట్లో అరబికా పౌను 50 సెంట్లకన్నా తక్కువకు దిగినప్పుడు ఫెయిర్‌ట్రేడ్ కనీస ధర 1.21 డాలర్లు ఉండేది. అదే 2025 మొదట్లో మార్కెట్ ధర పౌనుకు 4 డాలర్లు దాటినప్పుడు కనీస ధర ఉన్నా లేనట్టే అయింది. అటువంటి ఏడాది రైతుకు మిగిలే అదనం ప్రీమియం మాత్రమే.

పొట్టంగి కాఫీ తోట

పై సభ్యులు చెప్పింది సరైనదే గాని, తోటలో నిలబడి చూస్తే ధర కంటే ముందు వచ్చేవి తూకం, పెట్టుబడి. మా నాన్నగారి కాలంలో వానాకాలంలోనే షావుకారు దగ్గర అప్పు తెచ్చుకుని, పంట రాగానే ఆయన చెప్పిన ధరకు, ఆయన కాటా మీదనే అప్పగించేవారు. తరుగు పేరుతో బస్తాకు ఎంత పోయేదో అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఫెయిర్‌ట్రేడ్ నియమాల్లో నాకు నచ్చినది ఒకటే. సంఘం అడిగితే కొనుగోలుదారు ఒప్పందం విలువలో 60 శాతం దాకా ముందుగా సమకూర్చాలి. రైతుకు అప్పు తెగేది అక్కడే.

ఒక లోటు కూడా చెప్పాలి. ముద్ర ఉన్న సంఘాలు కూడా పంటంతా ఫెయిర్‌ట్రేడ్ ధరకు అమ్ముకోలేవు. కొనేవారు దొరికినంత మేరకే ఆ ధర, మిగిలినది మామూలు మార్కెట్‌కే పోతుంది. తనిఖీ రుసుము మాత్రం సంఘం కట్టవలసిందే. పండ్లు కోయడానికి వచ్చే కూలీలకు ప్రీమియంలో వాటా ఉంటుందా అన్నది ఆయా సంఘం మనసును బట్టి ఉంటుంది.

రాయగడ వేపుడు మిల్లు

వ్యాపారం వైపు నుంచి ఒక మాట. నేను ఏటా తప్పకుండా కొనే రైతులకు ఎర్రగా పండిన పండుకు వేరే ధర పెట్టాక గింజ రుచి మారింది, ఏడాదంతా సరుకు తప్పకుండా వస్తోంది. పచ్చి, పండు కలిపి దులిపిన కాయను ఎంత బాగా వేయించినా కప్పులో వగరు పోదు. వేయించినప్పుడు ఎలాగూ ఆరింట ఒక వంతు బరువు పోతుంది కాబట్టి చెత్త గింజలు కొంటే నష్టం రెండింతలు. రైతుకు సరైన ధర ఇవ్వడం దానధర్మం కాదు, మన సరుకును కాపాడుకోవడమే. మీరు జాగ్రత్తపడవలసినది మరొకటి: సంఘం ముద్ర పొందినంత మాత్రాన మీ పొట్లం మీద దానిని అచ్చు వేయించుకునే హక్కు మీకు రాదు. ముద్ర ఉన్న సరుకునే కొనాలి, పొట్లానికి విడిగా అనుమతి ఉండాలి. రెండు టన్నుల మీద ఆ ఖర్చు భరించడం నా లెక్కలో కుదరదు.

జయపురం వర్తకుడు

అందరికీ కృతజ్ఞతలు. అయితే ముద్ర ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెడతాను. వచ్చే నవంబరులో కోత మొదలయ్యే ముందే ధర కాగితం మీద రాసి, కొంత సొమ్ము ముందుగా ఇచ్చి, కాటా రైతు ముందే పెట్టాలనుకుంటున్నాను. హోటల్ వారికి ఆ కాగితాలే చూపిస్తాను. ముందుగా ఇచ్చిన సొమ్ము తిరిగి రాకపోతే ఏం చేయాలన్నదే మిగిలిన భయం.

పొట్టంగి కాఫీ తోట

ఒక్కొక్కరికి విడిగా ఇవ్వకండి. ఊరిలో మహిళా పొదుపు సంఘం ఉంటే దాని ద్వారా ఇచ్చి, అదే సంఘం చేత తూకం పుస్తకం రాయించండి. మొదటి ఏడాది సరుకు విలువలో మూడో వంతుకు మించి ముందుగా ఇవ్వకండి. కుందులి సంతకు వచ్చినప్పుడు కబురు చేస్తే, మా ఊరి సంఘం పుస్తకం మీకు చూపించే ఏర్పాటు చేస్తాను.