పోలీస్ స్టోరీ (1985): ఇంట్లో ఉంచుకోదగిన డిస్కు ఏది?

కోఠి_క్యాసెట్లు

సభ్యులందరికీ నమస్కారం. జాకీ చాన్ స్వయంగా దర్శకత్వం వహించి నటించగా, 1985 డిసెంబరులో హాంకాంగ్‌లో విడుదలైన గోల్డెన్ హార్వెస్ట్ నిర్మాణ సంస్థ వారి ‘పోలీస్ స్టోరీ’ గురించి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. అదే పేరుతో సాయికుమార్ గారు నటించిన చిత్రం గురించి కాదని ముందే మనవి చేస్తున్నాను.

ఈ చిత్రాన్ని నేను మొదట వీసీడీలో, తరువాత ఆంగ్ల డబ్బింగు ఉన్న డీవీడీలో చూశాను. ఇప్పుడు ఇంట్లో పెద్ద తెర, మంచి స్పీకర్లు అమరాయి కనుక, కాంటొనీస్ భాషలో హాంకాంగ్ ప్రేక్షకులు చూసిన రూపానికి అతి దగ్గరగా ఉన్న ఒక్క ప్రతిని కొని దాచుకోవాలని ఉంది. అమెరికాలో షౌట్ ఫ్యాక్టరీ 2013లో విడుదల చేసిన రెండు చిత్రాల (ఇదీ, దీని రెండో భాగమూ ఉన్న) బ్లూరే, 2019లో వచ్చిన క్రైటీరియన్ బ్లూరే, బ్రిటన్‌లో యురేకా తెచ్చిన బ్లూరే, ఆ తరువాత వచ్చిన 4కె (బ్లూరే కంటే ఎక్కువ వివరమున్న) సంపుటి నా దృష్టిలో ఉన్నాయి. పెట్టె మీద అచ్చేసిన మాటలు ఎక్కడైనా దొరుకుతాయి. డిస్కు పెట్టి చూసినవారు బొమ్మ గురించి, ధ్వని గురించి తాము గమనించినది చెబితే మేలు చేసినవారవుతారు.

రీళ్ల_గది

నేను చాలాకాలం థియేటర్‌లో ఆపరేటరుగా పనిచేశాను కాబట్టి బొమ్మ కొలత దగ్గరే మొదలుపెడతాను. ఇది స్కోప్ చిత్రం, అంటే ఎత్తుకు రెండు రెట్లకు పైగా వెడల్పు, 2.35:1. పాత వీహెచ్ఎస్ టేపుల్లో టీవీ పెట్టెకు సరిపడేలా రెండు పక్కలా కోసినప్పుడు బొమ్మలో నూటికి నలభై పాళ్లకు పైగా పోయేది. మిగతా చిత్రాల్లో అది ఎలాగోలా సహించవచ్చునేమో కానీ, ఈ చిత్రంలో సహించలేము. ఎందుకంటే చాన్ పోరాటాన్ని చూపించే పద్ధతే వేరు. దెబ్బ కొట్టేవాడూ, తినేవాడూ, వాడు ఎగిరి పడబోయే బల్లా, ఆ పక్కన రాబోయే మూడో మనిషీ అందరూ ఒకే ఫ్రేములో ఉంటారు, కోత లేకుండా ఒకదాని వెంట ఒకటి జరుగుతుంది. అంచులు పోతే ఆ లెక్క అంతా పోతుంది, దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

మొదట్లో కొండవాలు మీది గుడిసెల మధ్య నుంచి కార్లు దూసుకుపోయే ఘట్టం చూడండి. కూలుతున్న గుడిసెలు తెర ఈ చివర నుంచి ఆ చివరకు పరుచుకుని ఉంటాయి. కోసిన టేపులో అది ఏదో దుమ్ము లేచినట్టు కనిపిస్తుందే తప్ప, ఒక వాడంతా కూలిపోయినట్టు కనిపించదు. మీరు పేర్కొన్న బ్లూరేలలో ఈ ఇబ్బంది లేదు, అన్నీ పూర్తి వెడల్పుతోనే ఉన్నాయి. పాత డీవీడీలు ఎవరైనా ఉచితంగా ఇచ్చినా ఈ ఒక్క విషయం సరిచూసుకుని తీసుకోండి.

ఎడిసన్_వాసి

మా ఇంట్లో షౌట్ వారిదీ, క్రైటీరియన్ వారిదీ రెండూ ఉన్నాయి. షౌట్ డిస్కు 4కె పునరుద్ధరణకు ముందు కాలానిది కనుక పాత హెచ్‌డీ మాస్టర్ (డిస్కు తయారీకి వాడే మూల ప్రతి) మీద ఆధారపడింది. పగటి దృశ్యాలు ఫరవాలేదు కానీ, చీకటి గదుల్లో నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది, ముఖాల మీద వివరం తక్కువ. క్రైటీరియన్ డిస్కు 4కె పునరుద్ధరణ నుంచి తీసినది. అందులో మొదటి చిత్రానికి ఏ కుదింపూ లేని మోనో (ఒకే ట్రాక్‌లోని) ధ్వని, దానికి తోడు చుట్టూ ఉండే స్పీకర్ల కోసం చేసిన 5.1 ధ్వని, ఆంగ్ల డబ్బింగు ఉన్నాయి. రెండో భాగం పొడవైన రూపంతో పాటు, 1988 నాటి హాంకాంగ్ విడుదల రూపం కూడా విడిగా ఇచ్చారు. రెండో భాగం విషయంలో ఇది చిన్న సంగతి కాదు, రెండు రూపాలకూ మధ్య సుమారు ఇరవై నిమిషాల తేడా ఉంది.

అదనపు విశేషాల్లో రచయిత గ్రేడీ హెండ్రిక్స్ చేసిన విశ్లేషణ నాకు నచ్చింది. చాన్ తన పోరాటాలను ఎలా కూర్చుకుంటాడో దృశ్యాలు పక్కన పెట్టి చూపిస్తాడు. సినీ విమర్శకుడు నిక్ పింకర్టన్ వ్యాసం కూడా చదవదగినదే.

శబ్దలేఖిని

బొమ్మ గురించి పైవారు చెప్పినదంతా ఒప్పుకుంటూనే, ఈ చిత్రానికి డిస్కు ఎంచుకునేటప్పుడు ముందుగా చూడవలసినది ధ్వని అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ కాలపు హాంకాంగ్ చిత్రాల్లో చిత్రీకరణ వేళ ధ్వని పట్టేవారు కాదు. మాటలు, అడుగుల చప్పుడు, గుద్దులు, అద్దాలు పగలడం, ఇవన్నీ తరువాత గదిలో కూర్చుని ఒక్కొక్కటిగా చేసి, ఒకే మోనో ట్రాక్‌లోకి కలిపినవే. కాబట్టి ఆ మోనో ట్రాక్‌ను ఏదో పాతబడిన నాసిరకం ధ్వనిగా చూడకూడదు. దానికి మించిన మూలం లేదు, చిత్రం తయారైనప్పుడు చేసిన పని అంతా అందులోనే ఉంది.

తరువాతి కాలంలో ఇలాంటి చిత్రాలకు 5.1 ధ్వని తయారుచేసినప్పుడు, మాటలూ సంగీతమూ విడివిడిగా దొరకని చోట్ల కొత్త చప్పుళ్లు చేర్చారు. తుపాకి మోత బరువెక్కింది, గుద్దుకు లోతైన ప్రతిధ్వని వచ్చింది. వినడానికి ఘనంగానే ఉంటుంది. అయితే 1985లో ఎంచుకున్న పొడి చప్పుడు, ఆ వెంటనే వచ్చే చిన్న నిశ్శబ్దం, ఆ తరువాతి దెబ్బ, ఈ తాళం చెదిరిపోతుంది. చివరి మాల్ పోరాటంలో అద్దాల పెట్టెలు ఒకదాని తరువాత ఒకటి పగిలే చోట ఒకసారి మోనోలో, మరోసారి 5.1లో వినండి. మోనోలో ప్రతి అద్దం విడిగా వినిపిస్తుంది. 5.1లో ఒకదాని తోక మరొకదాని మీద పడి గోలగా మారుతుంది.

ఆంగ్ల డబ్బింగు ప్రతి అయితే మరీ దూరం. అక్కడ గొంతులే కాదు, నేపథ్య సంగీతం కూడా వేరు. మైకేల్ లాయ్ స్వరపరచిన సంగీతం, చాన్ తానే పాడిన పాట వినాలంటే హాంకాంగ్ ధ్వనితో ఉన్న డిస్కే కావాలి.

సినీ_శనివారం

శబ్దలేఖిని గారి వాదన బలంగా ఉంది కానీ, నాకు పూర్తిగా అంగీకారం లేదు. మా ఇంట్లో స్నేహితులతో, పిల్లలతో కలిసి చూసినప్పుడు 5.1 పెట్టినప్పుడే గది నిండినట్టు అనిపించింది. మోనోలో మధ్య స్పీకరు ఒక్కటే పలుకుతుంటే కొత్తవారు ఏదో లోపం ఉందనుకుంటారు. ఒంటరిగా శ్రద్ధగా చూసేవారికి మోనో, నలుగురితో చూసేవారికి 5.1 అని నా అభిప్రాయం. రెండూ ఉన్న డిస్కు కొనడం మేలు.

శబ్దలేఖిని

రెండూ ఉన్న డిస్కు కొనాలన్నది నిజమే, అభ్యంతరం లేదు. గది నిండలేదనిపిస్తే మాత్రం మోనోను ఎడమ, కుడి స్పీకర్లలో సమానంగా వచ్చేలా యాంప్లిఫయరులో మార్చి, ధ్వని కొంచెం పెంచి చూడండి. మీ అతిథులు తేడా గమనిస్తారు.

క్రాయ్‌డన్_కమల

బ్రిటన్‌లో ఉంటున్నాను కనుక ఇక్కడి ప్రతుల సంగతి చెబుతాను. హాంకాంగ్ లెజెండ్స్ పేరుతో ఇక్కడ వచ్చిన డీవీడీలతోనే మా తరం చాలామంది ఈ చిత్రాలను శ్రద్ధగా చూడడం నేర్చుకుంది, ఆ మేలు మరువలేము. అయితే ఇక్కడి డీవీడీలు పాల్ అనే టీవీ పద్ధతివి. సెకనుకు 24 ఫ్రేముల చిత్రాన్ని 25 చొప్పున నడిపిస్తారు కాబట్టి నూరు నిమిషాల చిత్రం తొంభై ఆరు నిమిషాలకే అయిపోతుంది, గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. పాట వినేటప్పుడు అది బాగా తెలుస్తుంది. పోరాటాలు ఉన్నదానికంటే వేగంగా కనిపిస్తాయి. చాన్ వేగాన్ని అంచనా వేయాలనుకునేవారికి అది అన్యాయం. బ్లూరేలో ఈ సమస్య లేదు.

యురేకా బ్లూరే కూడా కొత్త పునరుద్ధరణ నుంచే వచ్చింది. బొమ్మ క్రైటీరియన్‌కు ఏ మాత్రం తీసిపోదు. రెండింటినీ ఒకే టీవీలో ఒకే దృశ్యం దగ్గర ఆపి చూసినా తేడా పట్టుకోవడం కష్టమే. ధర, రవాణా ఖర్చు చూసుకుని ఎంచుకోవచ్చు.

జపాన్‌లో విడుదలైన రూపం మరికొంత పొడవైనది. అక్కడ చాన్‌కు ఉన్న అభిమానుల వల్ల లేజర్‌డిస్క్ (డీవీడీకి ముందు వచ్చిన పెద్ద డిస్కు) కాలం నుంచీ ఆ రూపం వేరుగా చలామణీలో ఉంది. మొదటిసారి చూసేవారికి హాంకాంగ్ రూపమే సరైనది, దాని నడక బిగువుగా ఉంటుంది. జపాన్ రూపం తరువాత తీరికగా చూడవలసినది.

కోఠి_క్యాసెట్లు

అందరికీ కృతజ్ఞతలు. కమల గారూ, ఒక సందేహం. నా 4కె ప్లేయరు హైదరాబాద్‌లో కొన్నది. అమెరికా డిస్కు, బ్రిటన్ డిస్కు ఇందులో ఆడతాయా?

ఎడిసన్_వాసి

ఇక్కడే చాలామందికి డబ్బు వృథా అవుతుంది కాబట్టి వివరంగా రాస్తాను. డిస్కులను ప్రపంచ ప్రాంతాల వారీగా తాళం వేసి అమ్ముతారు, ఆ ప్రాంతపు ప్లేయరులోనే అవి ఆడతాయి. డీవీడీకి భారతదేశం ఐదవ ప్రాంతం, బ్లూరేకు ‘సి’ ప్రాంతం. అమెరికా, హాంకాంగ్ రెండూ బ్లూరేకు ‘ఎ’, బ్రిటన్ ‘బి’. క్రైటీరియన్ డిస్కుకు ‘ఎ’ తాళం, యురేకా బ్లూరేకు ‘బి’ తాళం ఉంటుంది. కాబట్టి ఇండియాలో అమ్మిన మామూలు ప్లేయరులో రెండూ ఆడవు. బహుళ ప్రాంత ప్లేయరు కావాలి, లేదా 4కె డిస్కు తీసుకోవాలి. 4కె యూహెచ్‌డీ డిస్కులకు ప్రాంతాల తాళం లేదు. కానీ అదే పెట్టెలో బ్లూరే కూడా ఉంటే దానికి తాళం ఉండవచ్చు, అదనపు విశేషాలు తరచుగా దాని మీదే ఉంటాయి.

మా బంధువులొకరు ఈ వివరం చెప్పని ఒక దిగుమతి దుకాణం నుంచి ఖరీదైన పెట్టె తెప్పించుకుని, తిప్పి పంపే వీలు లేక ఊరకే దాచుకున్నారు. కొనే ముందు పెట్టె వెనుక ఉన్న ప్రాంతం గుర్తు ఫొటో అడిగి చూడండి.

రీళ్ల_గది

4కె మాట వచ్చింది కనుక ఒక మాట. ప్రింటు మీద బొమ్మ ఎలా ఉంటుందో ఏళ్ల తరబడి చూసిన కంటితో చెబుతున్నాను, డిస్కు మంచిదో కాదో తేల్చడానికి ఈ చిత్రంలో అద్దాలను మించిన పరీక్ష లేదు. చివరి పోరాటం హాంకాంగ్‌లోని చిమ్ షా చుయ్ తూర్పున ఉన్న వింగ్ ఆన్ ప్లాజాలో తీశారు. ఎంత అద్దం పగిలిందంటే, చిత్ర బృందమే దీన్ని ‘గ్లాస్ స్టోరీ’ అని పిలుచుకుంది. మనిషి పడ్డాక గాలిలోకి లేచే సన్నని ముక్కలు చూడండి. మంచి డిస్కులో అవి ఆవాలు చిందినట్టు ఒక్కొక్కటిగా, దేని దారిన అది పోతూ కనిపిస్తాయి. గ్రెయిన్ (ఫిల్ము బొమ్మలో సహజంగా కనిపించే సన్నని రవ్వ) చెరిపేయాలని సాఫ్ట్‌వేర్‌తో తుడిచిన డిస్కులో సన్న ముక్కలన్నీ గ్రెయిన్‌తో పాటే మాయమై, పెద్ద పెంకులు మాత్రం మిగులుతాయి. అప్పుడు ఆ పడడంలో ఉన్న ప్రమాదం సగం తగ్గిపోయినట్టు అనిపిస్తుంది.

రెండవ పరీక్ష స్తంభం. దీపాల తీగలు చుట్టిన స్తంభం మీదుగా చాన్ పై అంతస్తు నుంచి జారి కిందికి వస్తాడు. దీపాల వేడికి అతని అరచేతులు కాలిన సంగతి అందరికీ తెలిసినదే. ఆ దూకడాన్ని వేర్వేరు కోణాల నుంచి మూడుసార్లు వరుసగా చూపిస్తాడు. పేలుతున్న బల్బుల తెల్లని వెలుగులో అతని చేతులు, ముఖం స్పష్టంగా కనిపించాలి. హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) ఉన్న ప్రతిలో వెలుగు పెరిగి మనిషి కరిగిపోతే టీవీ అమరికలు సరిచేసుకోండి. ఆ క్షణంలో మనం చూడవలసినది మనిషిని, మెరుపును కాదు.

సినీ_శనివారం

ఉపశీర్షికల సంగతి ఎవరూ ఎత్తలేదు. అప్పటి హాంకాంగ్ ప్రింట్ల మీద చైనీసు, ఆంగ్ల ఉపశీర్షికలు రెండూ బొమ్మలోనే ముద్రించి ఉండేవి. కొత్త డిస్కులు నెగటివ్ నుంచి తీసినవి కనుక బొమ్మ శుభ్రంగా ఉంటుంది, ఉపశీర్షికలు విడిగా వస్తాయి. జాగ్రత్త పడవలసినది పాత డీవీడీలతో. వాటిలో కొన్నింటికి ఆంగ్ల డబ్బింగు సంభాషణలనే ఎత్తి ఉపశీర్షికలుగా వేశారు. కాంటొనీస్ వింటూ వాటిని చదివితే, పాత్ర మౌనంగా ఉన్న చోట కూడా అడుగున వాక్యం కనిపిస్తుంది. కోర్టు ఘట్టం, ప్రియురాలిగా నటించిన మ్యాగీ చాంగ్‌తో గొడవ పడే ఘట్టాలు, ఒకేసారి చాలా టెలిఫోన్లు మోగే ఘట్టం, వీటిలో హాస్యమంతా మాటల మీదే నడుస్తుంది కనుక అక్కడ పరీక్షించి చూడండి.

కోఠి_క్యాసెట్లు

నిర్ణయానికి వచ్చాను. ప్లేయరు మార్చడం కంటే 4కె డిస్కు తెప్పించుకోవడమే నాకు చవక కనుక యురేకా సంపుటికి ఆర్డరు పెడుతున్నాను. క్రైటీరియన్‌లోని విశ్లేషణ కోసం బహుళ ప్రాంత ప్లేయరు ఉన్న మిత్రుడి ఇంటికి వెళతాను. డిస్కు చేరాక ముందు మోనోలోనే చూస్తాను. రీళ్ల గది మాస్టారు చెప్పిన రెండు చోట్లా ఆపి చూసి, అద్దం ముక్కలు ఎలా ఉన్నాయో ఇక్కడే రాస్తాను. జపాన్ లేజర్‌డిస్క్ ఇంకా ఎవరి దగ్గరైనా పనిచేస్తూ ఉంటే, దాని బొమ్మ రంగులు కొత్త ప్రతితో పోలిస్తే ఎలా ఉన్నాయో చెప్పగలరా? పునరుద్ధరణలో రంగులు ఎంతవరకు పాత ప్రింటుకు దగ్గరగా ఉన్నాయో తేల్చుకోవడానికి నాకు అదే ఆధారంగా తోస్తోంది.

క్రాయ్‌డన్_కమల

మా అన్నయ్య దగ్గర ఒకటి ఉంది, ప్లేయరు కూడా ఆడుతోంది. వచ్చే నెల వారింటికి వెళ్లినప్పుడు మాల్ ఘట్టం, గుడిసెల ఘట్టం రెండూ చూసి రాస్తాను. లేజర్‌డిస్క్ రంగులు టీవీని బట్టి మారతాయి కనుక, అదే టీవీలో బ్లూరే కూడా పెట్టి పోల్చి చెబుతాను.