శ్రీనగర్ వందే భారత్‌కు ఇన్ని హీటర్లా? అవసరమా, ఆర్భాటమా?

మల్కాజ్‌గిరి మల్లన్న: 2025 జూన్‌లో మొదలైన కట్రా–శ్రీనగర్ వందే భారత్ గురించి చదివాను. నీళ్ల ట్యాంకులకు హీటింగ్ ప్యాడ్లట, డ్రైవర్ ముందు అద్దంలో వేడి తీగలట, టాయిలెట్ పైపులకూ వేడేనట. 2009 నుంచి కశ్మీర్‌లోనే ఖాజీగుండ్–బారాముల్లా మధ్య మామూలు రైళ్లు నడవడం లేదా? ఇప్పుడెందుకీ హంగామా?

పాత ఫిట్టర్: ఆ డెమూ (డీజిల్‌తో నడిచే లోకల్) రైళ్లలోనూ హీటర్లుండేవి బాబూ, ముందు మంచును తోసే ఇనుప అడ్డు కూడా ఉండేది. అసలు భయం బ్రేకుతో, అది గాలి ఒత్తిడితో పనిచేస్తుంది. గాలిని కంప్రెస్ చేస్తే అందులోని తేమ నీరవుతుంది. ఇక్కడ ఆ గాలి నిలవుండే ట్యాంకు (రిజర్వాయర్) కింద డ్రెయిన్ కాక్ (కుళాయి) తిప్పండి, బుస్సుమంటూ ముందు నూనె కలిసిన తెల్లటి నీళ్లు, ఆ తర్వాతే గాలి. మన దగ్గర దానివల్ల తుప్పు పడుతుంది, అంతే. మైనస్ పదిలో అదే నీరు వాల్వులో గడ్డకడితే బ్రేకు పడదు, పడితే వదలదు. అందుకే గాలిలో తేమ తీసేసే ఎయిర్ డ్రయర్.

మల్లన్న: నేను బ్రేకు గురించి అడగలేదు సార్. నీళ్ల ట్యాంకు. రాత్రి ఖాళీ చేసి పొద్దున నింపుకుంటే సరిపోదా?

కాచిగూడ కుర్రోడు: సైబీరియా వైపు చాలా బోగీల్లో ఇప్పటికీ బొగ్గు బాయిలరే అన్నా. సింపుల్.

పాత ఫిట్టర్: ట్యాంకు ఖాళీ అవుతుంది. పైపు వంపుల్లో మిగిలిన నీళ్లో? గడ్డకట్టి ఉబ్బితే పైపు పగులుతుంది.

మల్లన్న: మళ్లీ పైపు! నేనడిగింది ట్యాంకు.

తార్నాక రావు: చలి ఒక్కటే కాదు, చలిలోంచి వేడిలోకి వెళ్లడమూ ప్రమాదమే. 2009 డిసెంబరులో ఐదు యూరోస్టార్ రైళ్లు ఇంగ్లిష్ చానల్ సొరంగంలో ఆగిపోయాయి. పొడిలాంటి మంచు ఇంజన్‌లోకి దూరి, సొరంగం వెచ్చదనానికి కరిగి, కరెంటు సామాన్లను పాడుచేసింది. ఈ శ్రీనగర్ దారిలో బనిహాల్ దగ్గర కూడా 11 కిలోమీటర్ల సొరంగం ఉంది, గుర్తుంచుకోండి.

బోడుప్పల్ అక్క: పట్టాల సంగతి ఎవరూ ఎత్తరేం? చలికి కుంచించుకుని వెల్డింగ్ దగ్గర విరుగుతాయి. చలికాలం రాత్రుళ్లు మన దగ్గరా ట్రాక్ మీద గస్తీ తిరిగేది అందుకే.

మల్లన్న: అక్కా, టాపిక్ ట్యాంకు.

పాత ఫిట్టర్: మీకు ట్యాంకు పిచ్చి పట్టినట్టుంది. చేతులు కొంకర్లు పోయే చలిలో పైపు విప్పి చూడండి, ఫోన్‌లో ఉచిత సలహాలు ఎవరైనా ఇస్తారు.

మల్లన్న: పిచ్చే సార్! మొన్న జనవరిలో ఉత్తరాది నుంచి వస్తుంటే మా అమ్మ స్లీపర్‌లో కింది బెర్త్. కిటికీ షట్టర్ నాలుగు వేళ్ల మేర దిగలేదు. ఆ సందులో పేపర్లు కుక్కాను, గాలికి ఊడిపోయాయి. తెల్లారేదాకా ఆమె దుప్పటి ముసుగేసుకుని కూర్చునే ఉంది. అడిగితే దిగాక కంప్లైంట్ పెట్టుకోమన్నారు. ఆ శ్రీనగర్ రైల్లో అంతా ఏసీ చైర్‌కార్, అద్దానికి కూడా వేడి. ఇక్కడ షట్టర్ కింద రబ్బరు లేదు.

పాత ఫిట్టర్: ఈ మాట మొదటే అనొచ్చుగా! ఆ పట్టీ మార్చడం పది నిమిషాల పని. సామాను రావాలి, మనిషుండాలి. మా రోజుల్లోనూ రెండూ కలిసి దొరికేవి కావు. అలాగని అక్కడి హీటర్ పీకితే మీ షట్టర్ దిగదు.

మల్లన్న: హీటర్ పీకమనలేదు. కొత్త రైలుకి డబ్బు అడగకుండానే వస్తుంది, పాత బోగీ రిపేరుకి రాదు. రెండూ ఒకే జేబులోవి కావా?

కాచిగూడ కుర్రోడు: మరి టైటిల్‌లో హీటర్లని పెట్టావేందన్నా?

పాత ఫిట్టర్: జేబు ఒకటే. తీసే చేయి వేరు. ట్యాంకు మాత్రం ఖాళీ చేస్తే సరిపోదు, అది రాసిపెట్టుకోండి.