సంతకం పెట్టించుకుంటే పని పద్ధతి తెలిసిపోయినట్టేనా?

కొత్త_అనలిస్ట్: కొత్త సాఫ్ట్‌వేర్ కోసం సిబ్బందిని అడిగి పని పద్ధతి రాసుకున్నాం, చదివి వినిపించి సంతకాలు తీసుకున్నాం. తీరా వాడకం మొదలయ్యాక "మా పని ఇలా జరగదు" అంటున్నారు. పొరపాటు ఎక్కడ?

ఫ్లోచార్ట్: సంతకం పెట్టినవాళ్లది. మేం ఇంకేం చెయ్యాలి?

స్టోర్స్_కౌంటర్: కాగితంలో ఉన్నది రూలు అండీ, పని వేరు. మా దగ్గర ఆర్డర్ నంబర్ రాకముందే సరుకు వస్తుంది. లారీని ఆపలేం కాబట్టి దించుకుని, వేరే ఐటమ్ కోడ్ కింద ఎక్కించి, నంబర్ వచ్చాక మార్చి రాస్తాం. మేనేజర్ పక్కనుండగా ఈ మాట ఎవరు చెప్తారు?

లాగ్_రీడర్: అందుకే మనుషుల్ని అడగొద్దు. సిస్టమ్ లాగ్‌లు తీసి ప్రాసెస్ మైనింగ్ చేయండి, అంటే ఏ ఎంట్రీ ఎప్పుడు పడిందో చూసి పని ఎలా నడిచిందో రాబట్టండి, నిజం బయటపడుతుంది.

స్టోర్స్_కౌంటర్: మా దగ్గర చేశారు. ఎంట్రీలన్నీ సాయంత్రమే పడ్డాయి కాబట్టి పగలంతా ఖాళీగా ఉన్నామని తేల్చారు. పగలు సరుకు దించుతాం, కంప్యూటర్ ముందు కూర్చునేది సాయంత్రమే. లాగ్‌లో ఉండేది ఎంట్రీ చేసిన టైమ్, పని చేసిన టైమ్ కాదు. ఆ రిపోర్టు చూపించి మాలో ఒకరిని తీసేశారు.

మౌనపాఠకుడు: మనం చెప్పగలిగినదాని కంటే మనకు తెలిసింది ఎక్కువని తత్వవేత్త మైకేల్ పొలానీ 1966లోనే రాశారు. పక్కన కూర్చుని చూడాల్సిందే.

ఫ్లోచార్ట్: చూస్తాను, సరే. ఆ వేరే కోడ్ ఎంట్రీ రూలుకు విరుద్ధం. దాన్ని సిస్టమ్‌లో పెడితే ఆడిట్‌లో నా మెడకు చుట్టుకుంటుంది.

స్టోర్స్_కౌంటర్: పెట్టకపోతే లారీ గేటు దగ్గరే ఉంటుంది. అది మా మెడకు.

పాత_కాపు: 1992 అక్టోబర్ 26న లండన్ అంబులెన్స్ సర్వీసు ఏ బండిని ఎక్కడికి పంపాలో చూసే కొత్త కంప్యూటర్ డిస్పాచ్ సిస్టమ్‌కు మారింది. ప్రతి బండి ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో దాదాపు పక్కాగా తెలుస్తుందనే లెక్క మీద దాన్ని కట్టారు. రోడ్డు మీద అలా తెలియలేదు, సిస్టమ్ చేతులెత్తేసింది. మామూలు కేసుతో సరిచూస్తే ఏ డాక్యుమెంటైనా నిలబడుతుంది. పోయిన నెలలో చిక్కుపడ్డ కేసులు తీసి, ఆ పని చేసినవాళ్ల చేతే ఒక్కో అడుగూ నడిపించి చూడండి.

ఫ్లోచార్ట్: ఇవన్నీ నాకూ తెలుసు. ఒక క్లయింటు దగ్గర నోటిమాట నమ్మి కట్టాను. చివర్లో అందరూ "మేం అలా అనలేదు" అన్నారు, బిల్లు ఆగిపోయింది. సంతకం లేకుండా మళ్లీ అడుగు వేయను.

స్టోర్స్_కౌంటర్: అంటే ఆ సంతకం పని సరిచూడటానికి కాదు, రేపు నింద మీ మీద పడకుండా ఉండటానికి. ముందే చెప్తే ఇంత వాదనే ఉండేది కాదు. మేం నోరు విప్పనిదీ అందుకే.

కొత్త_అనలిస్ట్: చెప్పినందుకు ఎవరి మీదా చర్య ఉండదని ముందే రాసిస్తే?

ఫ్లోచార్ట్: ఆ మాట ఇచ్చే అధికారం నాకు లేదు.

స్టోర్స్_కౌంటర్: ఉన్నవాళ్లను ముందు కూర్చోబెట్టి రాయించండి. ఆ తర్వాత ఆ కోడ్ సంగతి నేనే చూపించి, దాని కిందే సంతకం పెడతాను.