వాల్‌మరీలో ఒక రాత్రి ఆగడం మంచిదేనా?

ప్రశ్న (రెజైనా నుంచి):
నమస్కారం అండీ. జూలైలో నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప కెనడా సస్కాచెవాన్ రాష్ట్రంలోని గ్రాస్‌ల్యాండ్స్ నేషనల్ పార్కుకి వెళ్తున్నాం. పక్కనే వాల్‌మరీ అనే ఊరు ఉందట, జనాభా నూట పాతికకి అటూ ఇటూ. అంత చిన్న ఊళ్లో రాత్రి ఉండాలా, బైసన్‌ని (అడవి దున్నల్ని) చూసేసి సాయంత్రానికి స్విఫ్ట్ కరెంట్ పట్నానికి వచ్చేయడం మేలా?

జవాబు (స్విఫ్ట్ కరెంట్ నుంచి):
తప్పకుండా ఉండండి. నేను ధాన్యం టెర్మినల్‌లో పని చేస్తాను, కాబట్టి ముందు ఎలివేటర్ గురించే, అంటే రైతుల ధాన్యం నిల్వ చేసి రైలు పెట్టెల్లోకి నింపే గోదాము గురించే చెప్తాను. ఊళ్లో ఎత్తుగా కనబడే చెక్క కట్టడం అదే. 1927 నాటిది. రైతు గుర్రపు బండి మీద ధాన్యం తోలుకొచ్చి పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలి కదా, అందుకని రైలు మార్గాల పొడుగునా దగ్గర దగ్గరగా ఇలాంటివి కట్టారు. 1930లలో ప్రెయిరీల్లో, అంటే పడమటి కెనడా గడ్డి మైదానాల్లో, 5,700కి పైనే ఉండేవి. లారీలొచ్చాయి, బ్రాంచి లైన్లు ఎత్తేశారు, కాంక్రీటు టెర్మినల్సు లేచాయి. చెక్కవి చాలావరకు కూల్చేశారు. ఎలివేటర్ మూతపడితే రైతు ఆ ఊరికి రావడం మానేస్తాడు, తర్వాత కొట్టు, ఆ తర్వాత బడి మూతపడతాయి.

మా టెర్మినల్‌కి గోధుమతో పాటు మసూర్ పప్పు లోడ్లు కూడా వస్తాయి. కెనడా నుంచి ఇండియాకి వెళ్లే మసూర్‌లో ఎక్కువ భాగం సస్కాచెవాన్ పంటే. ఆ లారీలు దాటి వచ్చే ఊళ్లలో కొన్నిటికి ఇప్పుడు పేరు బోర్డు తప్ప ఏమీ మిగల్లేదు. వాల్‌మరీ వాళ్లు మాత్రం తమ ఎలివేటర్‌ని నిలబెట్టుకున్నారు. నూట పాతిక మంది ఉన్న ఊరికి అది చిన్న పని కాదండీ, నాకు వాళ్లంటే చాలా గౌరవం.

1910 ప్రాంతంలో ఫ్రెంచ్ మాట్లాడే క్యాథలిక్ కుటుంబాలు వచ్చి నిలిచిన ఊరు అది. 1930ల కరువు తర్వాత ప్రభుత్వం ఫ్రెంచ్‌మన్ నది నీళ్లు పొలాలకి మళ్లించింది. పాత ఇటుకల బడి ఇప్పుడు మ్యూజియం. ఐస్ హాకీలో ఆటగాడిగా ఆరు స్టాన్లీ కప్‌లు (ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ విజేత జట్టుకిచ్చే కప్పు) గెలిచిన బ్రయన్ ట్రాటియే పుట్టింది కూడా అక్కడే, 1956లో.

జవాబు (కాల్గరీ నుంచి):
అన్నయ్యగారు చెప్పింది నిజం. మేం కూడా ఆ ఊళ్లోనే ఉన్నాం. పాపకి ప్రెయిరీ డాగ్స్ (నేలలో బొరియలు చేసుకునే ఉడుత జాతి జంతువులు) బాగా నచ్చుతాయి. నల్లతోక రకం కెనడాలో ఆ చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా లేవు. బైసన్‌ని 2006లో మళ్లీ వదిలారు, వాటికి వంద మీటర్ల దూరంలో ఉండాలి. గడ్డిలో రాటిల్ స్నేక్స్ అనే విషపు పాములు ఉంటాయి, పాపకి బూట్లు వేయండి. వాన పడితే పార్కు మట్టి రోడ్డు మీదికి కారు దింపొద్దు, బంకమట్టి చక్రాలను కదలనివ్వదు. రాత్రి మాత్రం ఊరి లైట్లు దాటి కాస్త బయటికి వెళ్లండి, పాలపుంత కళ్లారా కనిపిస్తుంది. స్విఫ్ట్ కరెంట్ తిరిగొచ్చేస్తే అది పోగొట్టుకున్నట్టే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ, రాత్రి అక్కడే ఉంటాం. ఎలివేటర్ లోపలికి వెళ్లనిస్తారా?

జవాబు (స్విఫ్ట్ కరెంట్ నుంచి):
ముందే గ్రామ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. గది కూడా ఇప్పుడే బుక్ చేసుకోండి, జూలైలో దొరకడం కష్టం. స్విఫ్ట్ కరెంట్‌లో ట్యాంకు నింపుకోండి, అక్కణ్నుంచి దక్షిణంగా నాలుగో నంబరు హైవే మీద గంటన్నర లోపే చేరతారు.